కోయగా మిగిలిన ముక్కలు

నాలుగో అంతస్తు, వెనక గది,
ఫిబ్రవరి 9.

అక్కా,

ముందే చెప్తున్నాను, ఇది క్షేమ సమాచారాల ఉత్తరం కాదు, మొర. ఇరవై ఏళ్ళుగా పరుపుల ఫోమ్ కోసి బతుకుతున్న మనిషివి, నా గోడు నువ్వు కాక ఇంకెవరు వింటారు? వినడమంటే గుర్తొచ్చింది. మొన్న ఫోన్ చేస్తే పది నిమిషాలు నువ్వే మాట్లాడి, నేను చెప్పింది ఒక్క ముక్కా అందకుండానే "సరే, జాగ్రత్త" అని పెట్టేశావు. ఆ ఫోమ్ చించే మిషన్ నీ చెవులు పూర్తిగా తినేసినట్టుంది. ఇక నీకూ నాకూ ఉత్తరాలే దిక్కు.

సంగతేమిటంటే, ఇంట్లో పదకొండు మూటల ఫోమ్ తుక్కు పోగైంది. కళ్ళజోళ్ళ షాపులో రోజంతా అద్దాలు అరగదీసి, ఇంటికొచ్చి బొమ్మ రైలు కోసం కొండలు అరగదీయడం నా సరదా అని నీకు తెలుసు. ఒక కొండ లేస్తే దాని పక్కన మరో కొండంత తుక్కు లేస్తుందని మాత్రం నాకే ఇన్నాళ్ళూ తట్టలేదు. తెల్ల థర్మాకోల్, నీలం రంగు గట్టి పలకలు, మెత్తటి స్పాంజి ముక్కలు, ఏదీ పారెయ్యబుద్ధి కాదు. ఎక్కడో అక్కడ పనికొస్తుందని దాచడం, దాచింది కనబడక మళ్ళీ కొత్తది కొయ్యడం. ఐదు మూటలు గదిలో, ఆరు బయట మెట్ల మలుపులో ఉన్నాయి.

పాత సామాన్లవాణ్ణి పిలిచాను. వాడు ఒక మూటని ఒంటి చేత్తో ఎత్తి, నా మొహంలోకి చూసి, "సార్, ఇందులో ఏమైనా ఉందా?" అన్నాడు. తూకానికి రాని సరుకు వాడికొద్దట. చెత్త బండివాళ్ళు నీ ఒక్క ఇంటికే బండి నిండిపోతుందని మొహం తిప్పుకున్నారు. పోనీ కాల్చేద్దామని బాల్కనీలో బకెట్ పెట్టి ఒక్క ముక్క అంటించాను. ఆ పొగ, ఆ కంపు ఏం చెప్పను! మసి దారాల్లా తేలుకుంటూ వెళ్ళి మూడో అంతస్తు కండక్టరమ్మ ఆరేసుకున్న యూనిఫాం మీద వాలింది. ఆవిడ పైకొచ్చి నన్ను బస్సు దింపేసినంత పని చేసింది.

ఇప్పుడు అపార్ట్‌మెంట్ సంఘంవాళ్ళు తలుపుకి కాగితం అంటించారు. నెలాఖరులోగా మెట్ల మీద సామాను తియ్యాలట. ఏం చెయ్యమంటావు?

నీ పిచ్చుక

*

పరుపుల షెడ్డు, కోత బల్ల దగ్గర,
ఫిబ్రవరి 17.

ఒరేయ్ పిచ్చుకా,

చిన్నప్పుడు దారిలో కనబడ్డ దూదీ, దారం, అట్టముక్కా జేబుల్లో కుక్కుకొచ్చేవాడివని నీకా పేరు పెట్టాను. నలభై రెండేళ్ళొచ్చినా గూడు కట్టడం మానలేదన్నమాట. బకెట్లో ఫోమ్ కాల్చావా? బుద్ధుందా నీకు? ఆ పొగ పీలిస్తే ఊపిరితిత్తులు ఏమవుతాయో షెడ్డుకి రా, చూపిస్తాను. ఎవడో ఒకడు పెట్రోలు పోసి కరిగించు అని కూడా సలహా ఇస్తాడు. వాడి చెంప వాయించు.

శుభ్రంగా విను. అన్నీ నేలమీద పోసి వేరు చెయ్యి. తెల్ల థర్మాకోల్లో పెద్ద ముక్కలు విరక్కుండా తీసి గాజు సామాను పార్సిల్ చేసే షాపులో అడుగు, సంతోషంగా తీసుకుంటారు. నీలం పలకల ముక్కలు నీ కొండల పొట్టలోనే కుక్కు, అవెలాగూ డొల్లవే కదా. మెత్తటి స్పాంజి నాకు పార్సిల్ చెయ్యి, మిషన్లో తురిమి దిండ్లలో నింపుతాను. రంగు పట్టినవీ, జిగురు అంటినవీ ఎవరికీ పనికిరావు, నాకూ పంపకు. వాటిని గింజ రాలకుండా గట్టిగా కట్టి చెత్త బండికే ఇవ్వాలి. బతిమాలు. నీకు బతిమాలడం వచ్చుగా.

ఇంకో మాట. రోజుకో మూట దించుతానని మొదలెట్టకు. నీ సంగతి నాకు తెలుసు, ఏడాది పడుతుంది. వచ్చే ఆదివారం అన్నీ ఒకేసారి దించెయ్. బరువా ఏమన్నానా? నాలుగేసి మూటలు ఒక తాడుకి కట్టి పట్టుకుంటే మూడు సార్లలో అయిపోతుంది.

నా సంగతి చెప్తే నవ్వుతావు. సైకిల్ నేర్చుకుంటున్నాను, నలభై ఎనిమిదేళ్ళకి! షెడ్డు వెనక ఖాళీ స్థలంలో రోజూ సాయంత్రం తొక్కుతున్నాను. ఇంకా కుడివైపు తిరగడం రాదు, ఎడమవైపు మాత్రం అద్భుతంగా తిరుగుతాను. అమ్మ మంచం పక్కన పదకొండేళ్ళు గడిచాయిరా. ఆవిడని తిప్పి పడుకోబెట్టడం, పుండ్లు పడకుండా దిండ్లు కొయ్యడం, మధ్యలో పరుగున అక్కడి పరుపుల షాపుకెళ్ళి కోతపని చేసి రావడం. ఆవిడ పోయాక మన ఇంటి డెబ్బై రెండు మెట్లూ దిగుతూ మళ్ళీ ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను. నీ మీద కోపం కాదు, ఆ మెట్ల మీద. నువ్వే ఇక్కడికి వస్తూండు.

అక్క

*

నాలుగో అంతస్తు, బాల్కనీ,
మార్చి 20.

అక్కా,

ఆలస్యమైంది, తిట్టకు. నీ మాట విన్నాను. మూటలన్నీ దిగిపోయాయి, మెట్లు ఖాళీ, సంఘంవాళ్ళు సంతోషం. మెత్తటి ముక్కలు ఈ పార్సిల్లో పెట్టాను. అడ్రసు కండక్టరమ్మ రాసింది, నా చేతులకి రంగు అంటి ఉండి. ఆవిడకి నా మీద కోపం పోయిందిలే, కూరగాయలు కూడా తెచ్చి పెడుతోంది.

షాపు ఓనరు కొన్నాళ్ళు అద్దాలు ఇంటికే పంపుతానన్నాడు. అంచులు నునుపు చేసే పని కూర్చునే చెయ్యొచ్చు కదా. హాయిగా ఉంది.

అన్నట్టు, నువ్వు వదిలేసి వెళ్ళిన పొడుగు కత్తి అల్మారా కింద దొరికింది. సబ్బు నీళ్ళలో ముంచి కోస్తే ఇప్పటికీ వెన్నలా తెగుతోంది.

కుడివైపు తిరగడం వచ్చిందా? అంతా రాయి. ఎక్కడిదాకా వెళ్ళావో, దారిలో ఏముందో, అన్నీ రాయి.

నీ పిచ్చుక

*

పరుపుల షెడ్డు,
ఏప్రిల్ 2.

పిచ్చుకా,

వచ్చేసింది! కుడివైపు తిరగడం వచ్చేసింది! నిన్న సంతదాకా వెళ్ళి వంకాయలు కొనుక్కుని తిరిగొచ్చాను. దారిలో ఒక లారీవాడు వెనక నుంచి హారన్ కొట్టాడట, నాకేం వినబడుతుంది, నా మానాన నేను మహారాణిలా రోడ్డు మధ్యన పోతున్నాను. వాడు పక్కకొచ్చి తల బాదుకుంటుంటే చూసి చెయ్యి ఊపాను. షెడ్డులో అందరూ పడీ పడీ నవ్వారు. ఇంత హాయిగా ఎప్పుడు నవ్వానో గుర్తులేదురా.

నీ ముక్కలు తురిమేశాను, ఆరు దిండ్లయ్యాయి. ఒక్క అనుమానం. అందులో సగం పసుపు తిరిగిన పాత ఫోమ్. మన ముందుగదిలో సోఫాదేనా? దాన్నెందుకు కోశావు? ఎవరైనా వస్తే ఎక్కడ కూర్చోబెడతావు?

రైలు ఎంతవరకు వచ్చింది?

అక్క

*

నాలుగో అంతస్తు, బాల్కనీ,
ఏప్రిల్ 21.

అక్కా,

వచ్చేవాళ్ళు ఎవరున్నారు, సోఫా ఎందుకు? స్ప్రింగులు పొడుచుకొస్తున్నాయి, అందుకే కోసేశాను. ఇంకొన్ని ముక్కలు పంపుతున్నాను.

రైలు చుట్టు పూర్తయింది. స్టేషన్లో బయల్దేరి, వంతెన దాటి, సొరంగంలో దూరి, మళ్ళీ అదే స్టేషన్. నలభై ఒక్క సెకన్లు. మొదట్లో ముచ్చటేసింది. తర్వాత తర్వాత అది ఎక్కడికి పోతుందో తెలుసు, ఎప్పుడొస్తుందో తెలుసు, చూడకుండానే తెలుసు. పోయిన వారం సొరంగం మధ్యలో పట్టాలు తప్పి ఆగిపోయింది. తియ్యాలి. తీస్తాలే.

ఈ కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకు ఒక్కటే కనబడుతుందని నువ్వెప్పుడూ చెప్పలేదేం? పదకొండేళ్ళు ఈ గదిలో ఉన్నావు కదా. ట్యాంకు మూత మీద ఒక ఇటుక ఉంది. గాలొస్తే కదులుతుందేమోనని చూస్తూ ఉంటాను. కదలదు.

పైకప్పు మీద అమ్మ మంచానికి సరిగ్గా పైన, తడి మరకలో కుందేలు బొమ్మ ఉంది. నీకు తెలుసా?

సంత గురించి ఇంకా రాయి. వంకాయలు ఏ రంగువి?

నీ పిచ్చుక

*

పరుపుల షెడ్డు, కోత బల్ల మీదే రాస్తున్నాను,
మే 3.

ఒరేయ్,

కుందేలు నాకు తెలుసు. అది పడుకుంటేనే కనబడుతుంది. నిలబడ్డవాడికి అది ఒట్టి మరక.

అందుకే ఈసారి నీ ముక్కలు మిషన్లో వెయ్యలేదు. బల్ల మీద పరిచాను. కోసే పనిలో ఉన్నవాళ్ళకి కోసిన వస్తువు చూపించక్కర్లేదు, మిగిలింది చాలు. కింద పడ్డ కత్తిరింపులు చూసి దర్జీ మెడ కొలత చెప్పెయ్యడూ, అలాగే.

ఒక ముక్క గుండ్రంగా ఉంది, దానికి వెనక తోక ఉంది. తాళంకప్పకుండే కంత ఆకారం. కూర్చునే దిండుకి నడుమ ఖాళీ పెట్టి, వెన్నుపూస చివర ఒత్తుకోకుండా వెనక్కి దారి తీస్తే మిగిలే ముక్క అది. షాపుల్లో అమ్మే దిండ్లకి గుండ్రటి చిల్లే ఉంటుంది, తోక ఉండదు. ఆ తోక నేను కనిపెట్టింది. అమ్మ కోసం. ఈ కోత లోకంలో ఇద్దరికే తెలుసు. కోసిన నేను, ఎదురుగా కూర్చుని ఫోమ్ కదలకుండా పట్టుకున్న నువ్వు.

రెండు చిన్న గిన్నెల్లాంటి ముక్కలున్నాయి. మడమలు పరుపుకి ఆనకుండా చేసే గుంటలవి. ఏటవాలు ముక్క ఒకటి, వీపు ఒరుగుకి కోసింది. దాని పొడవు చూస్తే మనిషి ఆరడుగులవాడు. కండక్టరమ్మ ఇంట్లో ఆరడుగులవాడెవడూ లేడని నాకు తెలుసు.

ఎప్పుడు పడ్డావు? ఎలా? ఎన్నాళ్ళుగా ఆ మంచం మీద ఉన్నావు? బాల్కనీ, బాల్కనీ అని పైన రాస్తున్నావే, సిగ్గులేదూ? నిజం రాయి. ఈసారి కూడా అబద్ధం రాశావో, ఒట్టు గిట్టు చూసుకోను, వచ్చేస్తాను.

అక్క

*

నాలుగో అంతస్తు, మంచం మీద,
మే 12.

అక్కా,

దొరికిపోయాను. తోక కొయ్యకుండా ఉండాల్సింది. కానీ తోక లేకపోతే నొప్పి ఆగడం లేదు.

ఆ ఆదివారమే. నాలుగు మూటలు తాడుకి కట్టి రెండు ముందు, రెండు వెనక వేసుకున్నాను. బరువు లేదు కదా. బరువుంటే జాగ్రత్తగా, ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగేవాణ్ణి. గాలిని మోస్తున్నట్టుంటే ఈల కూడా వేశాను. ముందున్న మూటలు కళ్ళకి అడ్డం. మూడో అంతస్తు దాటి రెండో అంతస్తుకి చేరేచోట ఇంకో మెట్టు ఉందనుకున్నాను, లేదు. ఊరందరికీ చూపు సరిచేసేవాడికి కాళ్ళ కింద మెట్టు కనబడలేదు. నవ్వుకోవచ్చు, నేనూ నవ్వుకున్నాను, ఆస్పత్రిలో.

మూటలు పగిలి థర్మాకోల్ గింజలు మెట్లన్నిటి మీదా ఎగిరాయి. తెల్లగా, ఎంత బాగుందో. ఇప్పటికీ మెట్ల సందుల్లో గింజలున్నాయట, కండక్టరమ్మ చెప్పింది. ముందుగా పరుగెత్తుకొచ్చింది ఆవిడే. మిగిలిన మూటలు దింపించిందీ ఆవిడే.

తుంటి విరిగింది, వెన్ను దెబ్బతింది. ఎముక అతుక్కుంది. కుర్చీలో గంటసేపు కూర్చోగలను. కుడికాలు లేస్తోంది. ఎడమకాలు నా మాట వినడం లేదు. రోజూ వ్యాయామ కేంద్రానికి తీసుకెళ్ళాలనీ, ఆర్నెల్లలోపు మొదలెట్టకపోతే ఆ కాలు ఇక తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. లిఫ్టు లేదు. మెట్లు డెబ్బై రెండు. ఆస్పత్రి నుంచి నన్ను దుప్పట్లో వేసి నలుగురు పైకి మోశారు. ప్రతి మలుపులో నా తల గోడకి తగిలింది. ప్రతి అంతస్తులో తలుపులు తెరిచి చూశారు. ఇంకోసారి అలా దిగను, చచ్చినా దిగను అనుకున్నాను.

పొద్దున ఒకామె వచ్చి ఒళ్ళు తుడిచి వెళ్తుంది. తర్వాత నేనూ, కుందేలూ. రైలు సొరంగంలోనే ఉంది. నా మంచానికి నాలుగడుగుల దూరం. దాన్ని తియ్యలేను.

నీకెందుకు చెప్పలేదో నీకు తెలుసు. నువ్వు ఈ మెట్లు ఎక్కితే ఇక దిగవు. నీ సైకిల్ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. కండక్టరమ్మకి కూడా చదివి వినిపించాను. లారీవాడి దగ్గర ఇద్దరం నవ్వాం. నా మూలంగా నీ నవ్వు ఆగిపోతే నేను బతకలేనక్కా. రావద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను, రావద్దు.

పిచ్చుక

*

పరుపుల షెడ్డు,
మే 22.

నా తండ్రీ,

అన్నీ ఒకేసారి దించెయ్యమన్నది నేను. నాలుగేసి కట్టమన్నదీ నేనే. బరువా ఏమన్నానా అన్నది కూడా నేనే. నువ్వు ఆ మాట ఎక్కడా రాయలేదు. రాయకపోతే నాకు గుర్తురాదనుకున్నావా? ఇరవై ఏళ్ళు ఫోమ్ మోసినదాన్ని, దాంతో ప్రమాదం బరువు కాదు, అడ్డమని తెలిసినదాన్ని, ఆ ఒక్క ముక్క రాయలేకపోయాను. తలుచుకుంటే అన్నం సయించడం లేదు.

ఇంకొకటి చెప్తాను, నన్ను అసహ్యించుకోకు. నీ ఉత్తరం అందిన రోజే బస్టాండుకి వెళ్ళాను. టికెట్ తీసుకున్నాను. బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది, అదీ ఎక్కలేదు. ఆ గది తలుపు, ఆ కిటికీ, మంచం పక్కన నా స్టూలు, అన్నీ కళ్ళకి కట్టాయి. వెళ్ళానంటే స్టూలు మీద కూర్చుంటాను, కూర్చున్నానంటే అయిపోయింది. భయమేసిందిరా. సొంత తమ్ముడు పడి ఉంటే భయపడి వెనక్కొచ్చాను. షెడ్డుకొచ్చి మిషన్ వేసుకుని దాని పక్కన నిలబడి ఏడ్చాను.

ఏడ్చాక బుర్ర పనిచేసింది. నేను ఎక్కను. నువ్వు దిగు.

షెడ్డు పక్కన నేలమీద గది ఒకటి ఖాళీగా ఉంది, గడప కూడా లేదు. ఓనరుని అడిగాను, సరేనన్నాడు. వ్యాయామ కేంద్రం రెండు వీధుల అవతల. వెళ్ళి చూసొచ్చాను, రోజుకి గంట. ఇక్కడ తుక్కు వేరుచేసే మనిషి లేక గుట్టలు పేరుకుపోతున్నాయి. మెత్తటిదీ, గట్టిదీ, జిగురుదీ కుర్చీలో కూర్చునే వేరు చెయ్యొచ్చు. నీకంటే తుక్కు ఎరిగినవాడెవడు? నీకు సేవ చేస్తానని పిలవడం లేదు. ఆ ఓపిక అమ్మతోనే అయిపోయింది. పని ఇస్తానంటున్నాను.

ఎప్పుడు దిగుతావో రాయి.

అక్క

*

నాలుగో అంతస్తు, మంచం మీద,
మే 30.

అక్కా,

నువ్వు బస్సెక్కనందుకు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. అసహ్యమా? పిచ్చిదానా.

కానీ నేను దిగను. రాయడం తేలిక. నాలుగంతస్తులు, ఎనిమిది మలుపులు, ముప్ఫై గుమ్మాలు. నన్ను మూటలా పట్టుకుంటారు. ఏ మెట్టు మీద ఎవడి కాలు జారుతుందోనని పైకప్పు వైపు చూస్తూ పడుకోవాలి. పడ్డ చోటు దాటాలి. కళ్ళు మూసుకుంటే ఆ లేని మెట్టు ఇప్పటికీ కాలి కింద తగులుతుంది. భయం నాకు. నీకు ఎక్కడం భయమైతే నాకు దిగడం భయం. ఇద్దరం సరిపోయాం.

కాలు పోతే పోనీ. అలవాటైపోతుంది. ఇటుక అలవాటైపోలేదూ?

పిచ్చుక

*

పరుపుల షెడ్డు,
జూన్ 6.

ఒరేయ్,

అలవాటైపోతుందని అమ్మ కూడా అంది. నేనూ అన్నాను. అలవాటు కావడమంటే ఏమిటో నాకు చెప్పకు.

నిన్ను దుప్పట్లో దించమని ఎవరన్నారు? కుర్చీ ఉంది కదా. కుర్చీలో నీ ఒంటిని పట్టి ఉంచేలా ఫోమ్ ఒదుగు కోస్తే, నడుముకి పట్టీ వేస్తే, కదలకుండా కూర్చునే దిగొచ్చు. మొహం ముందుకి ఉంటుంది, ప్రతి మెట్టూ నీ కళ్ళకి కనబడుతుంది. ఆ ఒదుగు నేను కొయ్యను. నీ ఒళ్ళు నీకు తెలుసు, కత్తి నీ దగ్గరుంది.

ఇక నాకు ఉత్తరాలు రాయకు. మాటల్లో అబద్ధాలాడతావు, ముక్కల్లో ఆడలేవు. కొయ్యాలనిపిస్తే కోసి, మిగిలింది పంపు. లేకపోతే వద్దు.

అక్క

*

నాలుగో అంతస్తు,
జూలై 4.

అక్కా,

రంగు పట్టినవి పంపొద్దన్నావు. పంపుతున్నాను.

పిచ్చుక

*

పరుపుల షెడ్డు, కోత బల్ల దగ్గర,
జూలై 9.

ఒరేయ్ పిచ్చుకా,

మూట విప్పగానే ఆకుపచ్చ రంగు కనబడింది. నీలం పలక మీద గడ్డి, రాళ్ళు, చిన్న చిన్న చెట్లు. ఇంకో ముక్క మీద సగం సొరంగం. కొండని కోసేశావా! మూడేళ్ళు కట్టుకున్న కొండ. నా కళ్ళ నీళ్ళు కారిపోతున్నా పని ఆపలేదు, అన్నీ బల్ల మీద పేర్చాను.

చదువుతున్నాను, తప్పయితే చెప్పు. నీలం పలకలతో కుర్చీ అడుగు, రెండు పక్కల ఆనుడు. దాని మీద సోఫా మెత్త, తోకతో సహా. ఎడమకాలికి గాడి, కుడికాలికి లేదు. అంటే కుడికాలు నువ్వే ఆనించుకుంటావు, మంచిది. మెడ దగ్గర మెత్త తక్కువ కోశావు, తల తిప్పి చూసుకోవడానికేనా? కొండ పొట్టలో కుక్కమన్న తుక్కే తీసి ఒరుగులో నింపావని తెలిసిపోతోంది, అందులోది ఒక్క పిసరు కూడా ఈ మూటలో లేదు. ఒక కోత మాత్రం వంకరటింకరగా ఉంది. అది నీది కాదు. కొండని మంచం మీదికి లాగి, ఆ వైపు కోసింది కండక్టరమ్మే కదూ? ఆవిడకి కత్తి పట్టుకోవడం రాదు. ఆవిడకి నా దండాలు.

మూట అడుగున గుడ్డలో చుట్టి రైలు ఇంజన్ ఉంది. బల్ల మీద పెట్టాను. సొరంగంలోంచి వచ్చింది కదా, కాస్త ఊపిరి పీల్చుకోనీ.

ఇక విను. ఆదివారం పొద్దున పదింటికి మన షెడ్డు మనుషులు నలుగురు వస్తారు. రోజూ పరుపులు మెట్లు దించేవాళ్ళు. వాళ్ళకి ఒకటే చెప్పాను. కుర్చీ నడుం ఎత్తుకి మించి లేపకూడదు, ముందు నడిచేవాడికి మెట్టు కనబడి తీరాలి. ఒక్కో మలుపులో ఆగాలి. నువ్వు సరే అంటేనే కదలాలి. తలుపులు తెరిచి చూసేవాళ్ళని చూడనీ. నువ్వూ వాళ్ళని చూడు, ఎవరికి కళ్ళజోడు కావాలో తెలుస్తుంది.

నువ్వు పడ్డ చోట ఒక నిమిషం ఆపించుకో. సందుల్లో తెల్ల గింజలుంటే చూడు. అక్కడి నుంచి కిందికి ముప్ఫై ఆరు మెట్లే.

నేనూ వస్తున్నాను. పైకి మాత్రం రాను, అడగకు. కింద ఆఖరి మెట్టు దగ్గర నిలబడి ఉంటాను. దిగుతున్నప్పుడు భయమేస్తే ఆపుకోకు, గొంతు చించుకుని అరువు. నాకెలాగూ వినబడదు.

అక్క